పోలన్న తువ్వాలులో మూడో ముడి

శంఖినీ నది తూర్పు కనుమల్లో ఏడు మలుపులు తిరిగి, ఎనిమిదో మలుపులో అద్దాల దుర్గం పాదాలు కడుగుతుంది. ఆ దుర్గం గోడలకు రాయి కనపడకుండా కంచు పలకలు తాపడం చేశారు. పొద్దుటి ఎండ ఆ పలకల మీద పడి, అక్కణ్ణించి నీళ్ళ మీద పడి, నీళ్ళ మీంచి ఎదుటి కొండ మీద పడి, దిక్కులన్నీ ధగధగలాడిపోతాయి. ఏది సూర్యుడో, ఏది సూర్యుడి బొమ్మో తేల్చుకోలేక కొంగలు కూడా గాలిలో రెండు చుట్లు అదనంగా తిరిగి గానీ వాలవు. అంతటి శోభాయమానమైన చోట, ఆ ఉదయం, మన పోలన్న నాలుక బయటపెట్టి ఇసుకలో గంతులు వేస్తున్నాడు.

"మిరపకాయ! అమ్మో, నాయనో, మిరపకాయ!"

చద్దన్నంలో నంజుకున్న పచ్చిమిరపకాయ నసాళానికి అంటిందని అనుకునేరు. అంటిన మాట నిజమే. కానీ ఆ కేకలో సగం మంట, సగం సంతోషం. మూడు రోజుల కిందట పైడి పొడిచిన పొడుపుకథ ఇప్పటికి విడిపోయింది మరి!

"పసితనాన పచ్చకోక, పెళ్ళీడుకు ఎర్రకోక, ముసలితనాన ముడతల కోక. ఏ ఈడులో ముట్టుకున్నా ఏడిపిస్తుంది" అని పైడి అడిగినప్పటి నుంచి పోలన్న తమ రేవులో ఉన్న గయ్యాళుల పేర్లన్నీ వరసపెట్టి చెబుతూనే ఉన్నాడు. చెప్పిన ప్రతి పేరుకీ చివర "కాదంటావా?" అని తగిలిస్తాడు. అది వాడి ఊతపదం. తప్పు చెప్పేటప్పుడే వస్తుంది.

"మూడు రోజులు పట్టిందిరా పోలిగా నీకు! అదీ, అదొచ్చి నీ నాలిక కరిస్తే గానీ తెలీలేదు" అంటూ పైడి పొట్ట పట్టుకుని నవ్వింది.

పోలన్న గుక్కెడు ఏటి నీళ్ళు పుక్కిలించి, భుజం మీది తువ్వాలు తీసి, అంచున ఉన్న ముడి ఒకటి గంభీరంగా విప్పాడు. వాళ్ళది గవ్వలరేవు. ఆ రేవులో పొడుపుకథలకు ఒక కట్టుబాటు ఉంది. విప్పలేనివాడు తువ్వాలు అంచుకు ముడి వేసుకోవాలి. జవాబు తట్టిననాడు ఆ ముడి విప్పుకోవాలి. అంతవరకూ పొడిచినవాళ్ళు నోరు మెదపకూడదు. "ఓడిపోయాను" అంటే జవాబు చెబుతారు గానీ, తువ్వాలు వాళ్ళ పరం చెయ్యాలి. పోలన్న జన్మలో ఓడిపోయాను అన్నవాడు కాడు, అలాగని విప్పినవాడూ కాడు. పాత తువ్వాలు నిండా ముడులే. మొహం తుడుచుకుంటే గీసుకుపోయేది. ఈ ప్రయాణానికి కొత్తది తెచ్చుకుంటే, దారిలోనే దానికి మూడు ముడులు పడ్డాయి. ఇప్పుడు రెండు మిగిలాయి.

"రెండోది నేను విప్పనా?" అంటూ వాళ్ళ మూడో నేస్తం గొంతు సవరించుకున్నాడు. "అహుఁ... అహుఁ..."

"వద్దు దొరా! నా ముడి నాదే!" అని పోలన్న చెవులు మూసుకున్నాడు.

ఆ దొర కుందనపురి యువరాజు కీర్తిసేనుడు. చూడబోతే గాజులు అమ్ముకునేవాడిలా ఉన్నాడు. తలకు రంగు రుమాలు, భుజాన గాజుల మలారం. అది వేషం. ఈ దుర్గాన్ని ఏలే మాంత్రికుడు ధూమ్రజటుడు కుందనపురి మహారాజుగారి ప్రతిబింబాన్ని దొంగిలించాడు. ఆనాటి నుంచి ఆ మహారాజు ఏ అద్దంలోనూ, ఏ నీటిలోనూ కనపడక, రోజురోజుకూ పలచబడిపోతున్నాడు. ఆ ప్రతిబింబాన్ని వెనక్కి తేవడానికి యువరాజు బయలుదేరితే, ఏరు దాటించడానికి వచ్చిన పోలన్నా, చాపలల్లే పైడీ దాటించి ఊరుకోక వెంటపడి వచ్చేశారు. రోజంతా నడక, నడకంతా పొడుపుకథలు. యువరాజు అడిగినవన్నీ ఇట్టే విప్పుతాడు. కాకపోతే జవాబు చెప్పే ముందు రెండుసార్లు గొంతు సవరించుకోవాలి. గురుకులంలో అలవాటైందట.

పోలన్న లేచి, తెడ్డు లోపల కట్టేసి, తన పుట్టిని బోర్లించి నెత్తిన పెట్టుకున్నాడు. వెదురు బద్దలు అల్లి తోలు తొడిగిన గుండ్రటి పుట్టి అది, ముగ్గురికి సరిగ్గా సరిపోతుంది.

"ఇక్కడే పొదల్లో దాచెయ్యరాదూ?" అన్నాడు యువరాజు.

"పరాయి నీళ్ళ ఒడ్డున పుట్టిని వదిలిపెట్టకూడదు దొరా. మా రేవు కట్టు" అన్నాడు పోలన్న. అని, పుట్టి కిందినుంచి తల కాస్త బయటికి పెట్టి గొణిగాడు. "ఏమే పైడీ, ఆ మూడోది మళ్ళీ చెప్పు."

"నేను మోసేటప్పుడు బోర్లా. నన్ను మోసేటప్పుడు వెల్లకిలా. ఏంటది?"

పోలన్న నాలుగడుగులు నడిచి ఆలోచించాడు. "తాబేలే! కాదంటావా?"

"తాబేలు నిన్నెప్పుడు మోసిందిరా?" అని పైడి యువరాజు వైపు చూసి పెదవి కొరుక్కుంది. యువరాజు పోలన్న నెత్తి వైపు చూసి మొహం పక్కకు తిప్పుకున్నాడు. వాళ్ళెందుకు నవ్వుతున్నారో పోలన్నకు బోధపడలేదు.

కోట వాకిలి దగ్గరికి వచ్చేసరికి పొద్దు పడమటికి వాలింది. బల్లెం పట్టుకున్న కావలివాడు అడ్డం వచ్చాడు.

"ఎవర్రా మీరు?"

"అహుఁ, అహుఁ... ఓ ద్వారపాలకా! కంకణ విక్రయార్థమై వచ్చినవారము" అన్నాడు యువరాజు.

కావలివాడు నోరు తెరిచాడు. పైడి గబుక్కున ముందుకొచ్చింది. "గాజులమ్ముకునేటోళ్ళం అన్నా! మావోడికి చిన్నప్పుడు పంతులుగారి గాలి సోకిందిలే. మా వదినకి రెండు జతలు ఊరికే ఇస్తాం, లోపలికి పోనీ."

"లోపల అడిగొస్తా, ఇక్కడే ఉండండి" అని అనుమానంగా చూస్తూ వాడు వెళ్ళాడు.

వాకిలి పక్కనే నిలువెత్తు కంచు అద్దం ఒకటి నిలబెట్టి ఉంది. దాని చట్రం చుట్టూ అక్షరాలు. అద్దాల్లోకి చూడవద్దని యువరాజు దారి పొడుగునా చెప్పాడు. పైడి అద్దంలోకి చూడనేలేదు. అక్షరాలు చదివింది. అది పొడుపుకథ! పొడుపుకథ కనపడితే పైడిని ఆపడం బ్రహ్మతరం కాదు.

"నే నవ్వితే నవ్వుతుంది, ఏడిస్తే ఏడుస్తుంది. కుడిచెయ్యి చాపితే ఎడమచెయ్యి చాపుతుంది. పిలిస్తే మాత్రం పలకదు." పైకి చదివి, ఒక్క గుటక వేసి, చిటిక వేసింది. "ఓస్, ఇంతేనా! అద్దంలో బొమ్మ!"

"పిలిచావుగా. పలుకుతున్నా" అంది అద్దం.

లోపలినుంచి చెయ్యొకటి వచ్చింది. అచ్చం పైడి చెయ్యే. ఆ చెయ్యి ఈ చెయ్యిని పట్టుకుంది, అంతే! నీళ్ళలో రాయి పడ్డట్టు కంచు అలలు అలలుగా కదిలి, పైడి అందులోకి మునిగిపోయింది. గాజుల జత ఒకటి నేలమీద పడి ముక్కలైంది.

యువరాజు గొంతు సవరించుకుంటూ అలాగే ఉండిపోయాడు. జవాబు అతని నాలుక చివరికి వచ్చే ఉంది. రెండో దగ్గు అడ్డొచ్చింది కాబట్టి బతికిపోయాడు. ఇక పోలన్న అంటారా? వాడికి జవాబే తెలియదు.

"పైడీ!" అని వాడు అద్దాన్ని పిడికిళ్ళతో బాదాడు. గట్టి కంచు, అంతే. వాడి మొహమే వాడికి కనపడి వెక్కిరించింది. గవ్వలరేవులో పుట్టి ఎక్కేటప్పుడు పైడి తల్లి అన్న మాట చెవిలో గింగురుమంది. "నీ పుట్టిలో ఎక్కించుకు పోతున్నావు పోలీ. నీ పుట్టిలోనే తెచ్చి దింపు నాయనా." పైడి లేకుండా ఆ రేవుకు తాను తిరిగి వెళ్ళేది లేదు. అదొక్కటే వాడికి స్పష్టంగా తెలిసిన సంగతి. మిగతాదంతా అయోమయం.

"పట్టుకోండి! దొంగలు!" కావలివాడు పదిమందితో తిరిగొచ్చాడు.

ఇద్దరూ పరుగందుకున్నారు. బల్లేలు గాలిలో ఈలలు వేస్తూ వచ్చి పోలన్న పుట్టి తోలుకు తగిలి జారిపోతున్నాయి. వెనకనుంచి చూస్తే పుట్టగొడుగుకు కాళ్ళొచ్చి పరుగెడుతున్నట్టుంది. గోడ మలుపు తిరగగానే నది మీదికి వేలాడుతూ బ్రహ్మాండమైన తోలు మోట కనిపించింది. పైన కోటలో ఏనుగు లాగుతుంటే ఆ మోట నీళ్ళు తోడి పైకి పోతోంది.

"దూకు!" అన్నాడు యువరాజు.

దూకారు. పోలన్న పుట్టిని మూతలా తమ నెత్తిన పెట్టాడు. కంఠం దాకా నీళ్ళతో మోట ఊగుతూ, గోడకు కొట్టుకుంటూ, పైకి లేచింది. కింద కావలివాళ్ళు పొదలు వెతుకుతున్నారు. మోట సగం దూరం వెళ్ళిందో లేదో పోలన్న ఒక్కసారిగా వణికాడు.

"దొరా! మోట!"

"ఉష్! అవును, మోటే. నోరు ముయ్యి."

"అది కాదు దొరా! 'మెడకు తాడేస్తే ఏట్లో దూకుతాడు, కడుపు నిండితే పైకొస్తాడు, వచ్చి కక్కేసి మళ్ళీ దూకుతాడు.' మా తాగుబోతు మేనమామ అనుకుంటున్నాను ఇన్నాళ్ళూ! మోట!" అని, చావు ముంచుకొస్తున్న ఆ సమయంలో, నీళ్ళలోనే తడుముకుని రెండో ముడి విప్పాడు. యువరాజు వాడి నోరు అరచేత్తో నొక్కి పెట్టాడు. 'ఇది విప్పానని చెబితే పైడి నమ్మదు' అనుకునేసరికి పోలన్నకు ఏడుపొచ్చింది.

పైకి చేరిన మోట, నీళ్ళతోపాటు వాళ్ళిద్దరినీ రాతి కాలువలోకి కక్కింది. కాలువ వాళ్ళను ఈడ్చుకుపోయి, తూము గుండా, ఒక విశాలమైన మండపంలో పడేసింది.

ఏం మండపం అది! వెయ్యి స్తంభాలు, స్తంభానికో కంచు అద్దం. పైకప్పున పద్మం, పద్మానికి వంద రేకులు, రేకు రేకూ అద్దమే. పోలన్న తల ఎత్తితే వెయ్యిమంది పోలన్నలు వెయ్యి పుట్టులు మోస్తూ తలలెత్తారు. మండపం నడుమ తిరగలి రాయంత నున్నటి గుండ్రటి వేదిక. దాని మీద నలుగురు పైడిలు కూర్చున్నారు.

అదే పచ్చకోక. అదే ముక్కుపుడక. ఎడమచేతి మీద చాప ఈనె గీసుకున్న అదే గీత. నలుగురూ కళ్ళార్పకుండా చూస్తున్నారు.

వేదిక పక్కన ముసలమ్మ ఒకతె చింతపండు, బూడిద కలిపి అద్దం తోముకుంటోంది. తల ఎత్తకుండానే అంది. "రండి బాబూ. ఆ పిల్ల కోసమేగా? మా అయ్యగారి మంత్రానికో కట్టుబాటుంది. మనిషికొక్క పొడుపు అడగండి. వాళ్ళు జవాబు చెప్పడానికి తప్ప నోరు తెరవలేరు. విని, ఒకతె చెయ్యి పట్టుకోండి. అసలుది దొరికిందా, తీసుకుపోండి. నకిలీది పట్టారా, మీరూ కంచు బొమ్మలే. పొద్దు గుంకితే ఆ పిల్ల ఆ ముగ్గురిలో కలిసిపోతుంది. ఇక బ్రహ్మదేవుడు దిగొచ్చినా విడదీయలేడు."

పడమటి గవాక్షంలో పొద్దు రెండు బారల ఎత్తున ఉంది.

యువరాజు ధైర్యంగా ముందుకు నడిచాడు. పోలన్నకు కాస్త ఊపిరి ఆడింది. దొర చదువుకున్నవాడు, చూసుకుంటాడు.

"మా గురువుగారు స్వయంగా అల్లిన పొడుపు ఇది" అన్నాడు యువరాజు. "కాళ్ళు లేకుండా ఏడు రాజ్యాలు తిరుగుతుంది. నోరు లేకుండా రాజు మాట చెబుతుంది. మొహం మీది ముద్ర పగిలితేనే గుట్టు విప్పుతుంది. ఏమిటది?"

"అహుఁ, అహుఁ... ముద్రాంకితమైన రాజలేఖ" అంది మొదటి పైడి.

"అహుఁ, అహుఁ... ముద్రాంకితమైన రాజలేఖ" అంది రెండో పైడి.

"తాటాకు కమ్మ!" అంది మూడో పైడి.

"అహుఁ, అహుఁ... ముద్రాంకితమైన రాజలేఖ" అంది నాలుగో పైడి.

యువరాజు చిరునవ్వు నవ్వాడు. "గురువుగారు చెప్పిన జవాబు రాజలేఖ. తాటాకన్నది నకిలీ. పైడి అంత పొరపాటు చెయ్యదు. మిగతా ముగ్గురిలో..." అని ముగ్గురి కళ్ళలోకీ పరీక్షగా చూశాడు. నాలుగో పైడి కంట నీటి చుక్క మెరిసింది. అతని మనసు కరిగింది. ఆ చెయ్యి పట్టుకున్నాడు.

పట్టుకున్న చేతి వేళ్ళ నుంచి కంచు రంగు పాకింది. మణికట్టు, మోచెయ్యి, భుజం. "పోలన్నా! నేను ఎక్కడ పొర..." అన్నాడు యువరాజు, అంతే. గాజుల మలారంతో సహా కంచు బొమ్మ అయిపోయాడు. అతని వెనక స్తంభంలో అతని ప్రతిబింబం మాత్రం ఒక్క క్షణం ఆలస్యంగా నోరు మూసుకుంది.

వేదిక తిరగలిలా గిర్రున తిరిగింది. తిరిగి ఆగేసరికి ఎవరు ఎక్కడున్నారో ఆనవాలు లేదు. నలుగురు పైడిలు, నాలుగు పచ్చకోకలు.

"ఇక నీ వంతు" అంది ముసలమ్మ, చింతపండు పిప్పి విదిలిస్తూ.

పోలన్నకు తోడూ పోయింది, తెలివీ పోయింది. పుట్టి బరువుకు మెడ లాగేస్తోంది. ఏం అడగాలి? దొరకే దొరకనిది తనకు దొరుకుతుందా? ఏదో ఒకటి తలకు తగులుతోంది గానీ అందడం లేదు. ఆ ముగ్గురూ జవాబు చెప్పేముందు ఏదో చేశారు. ఏం చేశారు? దగ్గారు. రెండుసార్లు. పైడి ఎప్పుడైనా దగ్గిందా? మిరపకాయ పొగకు తప్ప దగ్గలేదు. మరి ఆ దగ్గు ఎవరిది?

దొరది! దొర దగ్గు, దొర మాటలు. ఏళ్ళ తరబడి అలవాటైన తన దగ్గు దొరకే వినపడలేదు.

పోలన్న వేళ్ళు మడిచి లెక్క చూసుకున్నాడు. అంటే, అడిగినవాడి బుర్రలో ఉన్నదాన్నే ఆ బొమ్మలు తోడుకుంటున్నాయి. తనకు తెలిసింది అడిగితే అవీ చెప్పేస్తాయి. అయితే తెలియనిది అడగాలి. తెలియనిదా? ఓరి దేవుడో, లోకంలో ఉన్నదంతా తనకు తెలియనిదే! కానీ పైడికి మాత్రం తెలియాలిగా?

వాడి చెయ్యి దానంతటదే తువ్వాలు అంచుకు పోయింది. అక్కడ ఒకే ఒక్క ముడి ఉంది.

"పొద్దు పోతోంది నాయనా" అంది ముసలమ్మ.

"నేను మోసేటప్పుడు బోర్లా" అన్నాడు పోలన్న. "నన్ను మోసేటప్పుడు వెల్లకిలా. ఏంటది?"

"తాబేలే! కాదంటావా?" అంది మొదటి పైడి.

"పుట్టి" అంది రెండో పైడి.

"తాబేలే! కాదంటావా?"

"తాబేలే! కాదంటావా?"

నిజం చెప్పాలంటే, పోలన్నకు కోపమొచ్చింది. పుట్టేమిటి, తలా తోకా లేకుండా! తాబేలని ముగ్గురు చెబుతుంటే తన ఊహే నిజమేమో అనిపించింది. ముగ్గురి మాట నమ్మాలా, ఒక్కతె మాటా? తెలియనిది అడిగితే చాలనుకున్నాడు గానీ, విన్నది ఒప్పో తప్పో తనకెలా తెలుస్తుందన్నది ఆలోచించనేలేదు. అయోమయంగా ఒకడుగు మొదటి పైడి వైపు వేశాడు. చెయ్యి చాపాడు. పుట్టి అంచు స్తంభానికి కొట్టుకుని, దబ్బుమని నెత్తి అదిరింది.

"అబ్బా, పాడు పుట్టి!" అని పైకి చూశాడు.

బోర్లా ఉంది. తను మోస్తున్నాడు. బోర్లా ఉంది!

ఏట్లో దింపితే? వెల్లకిలా. తనను మోస్తుంది!

"ఓసి నీ దుంపతెగ, పైడీ! నా నెత్తి మీదే పెట్టుకుని మూడు రోజులు..." పోలన్న ఏడుస్తూ నవ్వుతూ ఒక్క అంగలో రెండో పైడి చెయ్యి పట్టుకున్నాడు. వెచ్చటి చెయ్యి. చాప ఈనెలతో బరకెక్కిన చెయ్యి. రెండో చేత్తో మూడో ముడి లాగేశాడు.

"ఇన్నాళ్ళకి వెలిగిందిరా పోలిగా!" అంది పైడి, వాడి భుజం మీద తల వాల్చేసి.

ముసలమ్మ కెవ్వున అరిచింది. మిగతా ముగ్గురు పైడిలూ పెంకులుగా రాలిపోయారు. వేదిక పగిలింది. యువరాజు ఒంటి మీది కంచు ఉల్లిపొరలా ఊడివస్తోంది. అతని వెనక స్తంభం నిలువునా చీలి, పొగ చిమ్మింది. ఆ పొగలో పోలన్న తడుముకుంటూ దొర చెయ్యి దొరకబుచ్చుకుని లాగాడు. చెయ్యి చల్లగా ఉంది. కంచు చలి ఇంకా వదల్లేదు కాబోలనుకున్నాడు.

"పరుగెత్తండి!"

పైనుంచి వంద రేకుల పద్మం వంద కత్తులై కురుస్తోంది. ముగ్గురూ ఒకే పుట్టి కింద, ఆరు కాళ్ళతో, తూము దారి పట్టారు. టంగు టంగుమని కంచు పెంకులు తోలు మీద పడుతున్నాయి. కాలువ చివర నేల లేదు. తాటిచెట్టు లోతున నది ఉంది. వెనక ముసలమ్మ శాపనార్థాలు, ముందు గాలి. పోలన్న నెత్తి మీది పుట్టిని రెండు చేతులా విసిరాడు. అది గాలిలో పల్టీ కొట్టి వెల్లకిలా నీళ్ళ మీద పడింది. వెనకే ముగ్గురూ దూకారు. మునిగి, తేలి, ఉక్కిరిబిక్కిరై, అంచు పట్టుకుని ఎక్కి పడ్డారు.

ఏరు వాళ్ళను ఎత్తుకుని పోయింది. పొద్దు కొండ అంచున నిలిచి, నది మీద కుంకుమ చల్లుతోంది. పైడి జుట్టు పిండుకుంటూ ఒకటే నవ్వు. పోలన్న తెడ్డు వేస్తూ మధ్యమధ్య పుట్టి అంచును చేత్తో నిమురుతున్నాడు. యువరాజు వాళ్ళిద్దరి నడుమ మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు.

"పోలన్నా! పైడీ! ఆగండి!"

కేక వెనకనుంచి. పోలన్న తల తిప్పాడు. కోట తూము కింద, నురగలో, రంగు రుమాలు జారిపోయి, గాజుల మలారం మెడకు చుట్టుకుని, ఈదలేక ఈదుతూ వస్తున్నాడు కీర్తిసేనుడు.

పోలన్న పుట్టిలోకి చూశాడు. అక్కడా కీర్తిసేనుడే.

"వాడు మాయ!" అన్నాడు పుట్టిలోవాడు. "తెడ్డు వెయ్యి, పోలన్నా!"

"వాడే మాయ!" అరిచాడు నీళ్ళలోవాడు. "స్తంభంలోంచి వచ్చాడు! అహుఁ, అహుఁ..." నోట్లోకి నీళ్ళు పోయి మునిగి లేచాడు. ఎదురుగా సుడిగుండం హోరు వినపడుతోంది. పుట్టిలో నాలుగో మనిషికి చోటు లేదు. పుట్టిని సుడిలోకి పోనిస్తే అందరూ పోతారు. ఆగితే వెనక కోటలోంచి పడవలు దిగుతున్నాయి.

పోలన్న తువ్వాలు తీసి చూశాడు. ఒక్క ముడి లేదు. ఈ చివరినుంచి ఆ చివరిదాకా తడిసిన గుడ్డ, అంతే. ఇంతకాలం సిగ్గుపడిన ముడుల్లో ఒక్కటైనా మిగుల్చుకోలేదు కదా అని తల కొట్టుకున్నాడు.

"పైడీ" అన్నాడు, ఆమె చెవి దగ్గరికి వంగి. "నాకు తెలియని పొడుపు ఒకటి చెప్పవే. కొత్తది. జవాబు మాత్రం చెప్పకు, నీకు పుణ్యముంటుంది!"

పైడి ఒక్క రెప్పపాటు వాడి మొహంలోకి చూసింది. అర్థమైంది. చెవిలో చెప్పింది.

పోలన్న లేచి నిలబడి, ఏరంతా వినపడేటట్టు అరిచాడు. "నదినంతా మింగుతుంది, చుక్క నీరు దాచుకోదు. ఒళ్ళంతా కిటికీలే, లోపలికొచ్చిన చుట్టం మాత్రం బయటపడలేడు. ఏంటది?"

అరిచి, తను కూడా బుర్ర గోక్కుని ఆలోచించాడు. పుట్టిన దగ్గర్నుంచీ ఏటి మీదే బతికినవాడికి ఏం తట్టిందో తెలుసా? జల్లెడ! అది ఎంత తప్పో పైడి పెదవి కొరుక్కోవడం చూస్తేనే తెలిసింది. జన్మలో మొదటిసారి, జవాబు తెలియనందుకు పోలన్నకు సంతోషమేసింది. తువ్వాలు అంచుకు గట్టిగా ఒక ముడి వేశాడు.

వాళ్ళిద్దరి నడుమ కూర్చున్న కీర్తిసేనుడు తాపీగా తల ఎత్తాడు.

"జల్లెడే!" అన్నాడు. "కాదంటావా?"